డచ్ కల్లుపాక బొమ్మలు: వస్తువును నమ్మండి, సన్నివేశాన్ని శంకించండి

ప్రశ్న క్లుప్తంగా ఇది: 1600ల నాటి డచ్ చిత్రాల్లో తాగుబోతులు, పేకాటలు, పొగచూరిన గుడిసెల్లో రైతు కుటుంబాలు ఇన్ని ఎందుకు కనిపిస్తాయి? అవి అప్పటి పల్లె బతుకుకు సాక్ష్యమా, పట్నంవాళ్ల వెక్కిరింపా, నీతిపాఠమా? అలాంటి బొమ్మ ముందు నిలబడితే దేన్ని చూడాలి?

ముందు ఒక్క ముక్కలో చెప్తాను. ఆ బొమ్మలో మనిషి చేతిలో ఉన్న మట్టి పైపు నిజం, బల్ల మీది కూజా నిజం, మూడు కాళ్ల పీట నిజం. ఆ పైపు పట్టుకుని పళ్లికిలిస్తున్న మనిషి మాత్రం వేషం కట్టినవాడు. ఈ తేడా గుర్తుంటే సగం చిక్కులు విడిపోతాయి. చాలామంది దీన్ని తిరగేసి చూస్తారు. మనుషుల్ని ఫొటోలో మనుషుల్లా నమ్మేస్తారు, వస్తువుల్ని మాత్రం ఏదో రహస్య సంకేతాల్లా విప్పబోతారు.

పేర్ల సంగతి మొదట. ఈ బొమ్మలకు మనం వాడే "జాన్ర్ చిత్రం" (నిత్యజీవితపు సన్నివేశాల బొమ్మ) అన్న మాట గీసినవాళ్లకు తెలియదు. అది ఆ తర్వాతి శతాబ్దంలో స్థిరపడిన మాట. ఆనాటి ఆస్తి జాబితాల్లో గుమాస్తాలు "బూర్‌త్యె" అని రాసేవారు, అంటే చిన్న రైతు బొమ్మ. మనుషులు కూడి కూర్చుంటే "గెజెల్‌స్కాప్", సైనికుల గది అయితే "కోర్తెఖార్డ్". ఇక్కడ "బూర్" అన్న మాటే అసలు కీలకం. డచ్చిలో దానికి రైతు అనీ అర్థం, మోటు మనిషి అనీ అర్థం. మనం "పల్లెటూరి బైతు" అన్నప్పుడు ఎంత ఎకసెక్కం ఉంటుందో ఆ మాటలోనూ అంతే ఉంది. అలాగే తాగే చోటు కూడా ఒకటే రకం కాదు. "హెర్‌బెర్ఖ్" అంటే బాటసారులు గుర్రాలు కట్టేసి, తిని, పడుకునే చోటు, మన పూటకూళ్ల ఇల్లు లాంటిది. "క్రూఖ్" అంటే వట్టి తాగుడు కొట్టు, మన కల్లుపాక వరస. హార్లెమ్ చిత్రకారుడు ఇసాక్ వాన్ ఓస్టాడె ఎక్కువగా మొదటిదాన్ని బయటి నుంచి గీశాడు: అరుగు, ఆగిన బండి, నీళ్లు తాగుతున్న గుర్రం. మరో చిత్రకారుడు ఆద్రియాన్ బ్రౌవర్ రెండోదాని లోపలికి వెళ్లాడు.

మరో జాగ్రత్త. "డచ్" అని అందరినీ ఒకే గాటన కట్టేస్తాం గానీ ఉత్తరాన హార్లెమ్, లైడెన్, ఆమ్‌స్టర్‌డామ్ స్వతంత్ర రిపబ్లిక్‌లో ఉండేవి, దక్షిణాన ఆంట్‌వెర్ప్, బ్రసెల్స్ స్పెయిన్ ఏలుబడిలో ఉండేవి. 1609-21 నడుమ పన్నెండేళ్ల విరామం తప్ప, 1648 సంధి దాకా రెండింటి మధ్యా యుద్ధమే. అయినా ఈ రకం బొమ్మ ఆ సరిహద్దు దాటి అటూ ఇటూ తిరిగింది. దాన్ని అలా తిప్పిన మనిషి ముఖ్యంగా బ్రౌవరే.

వేరు మాత్రం అంతకన్నా వెనక, ముందు శతాబ్దపు చిత్రకారుడు పెద్ద పీటర్ బ్రూగెల్ దగ్గర ఉంది. వియన్నాలో ఉన్న అతని రైతు పెళ్లి విందు బొమ్మ 1567-68 ప్రాంతానిది, వెడల్పు దాదాపు 164 సెంటీమీటర్లు. అందులో గంజి గిన్నెలు మోసుకొచ్చే పళ్లెం నిజానికి పళ్లెం కాదు, ఊడదీసిన తలుపు. వెనక గోడలా కనిపించేది కుప్ప పోసిన పంట. దాని మీద గుచ్చిన దంతె కర్రకు రెండు పనలు వేలాడుతున్నాయి. పెళ్లికూతురి వెనక ఒక బట్ట కట్టారు, అంతే అలంకారం. ఇలాంటి వివరాలు ఊహతో రావు, చూసినవాడికే వస్తాయి. అయినా ఆ బొమ్మ ఏ రైతు ఇంటికీ వెళ్లలేదు. అతని బొమ్మలు కొన్నది ఆంట్‌వెర్ప్ వ్యాపారులు, పెద్దమనుషులు. చూసినది పల్లెలో, అమ్మినది పట్నంలో. ఈ సూత్రం తర్వాతి వందేళ్లూ మారలేదు.

ఇక అసలు తాగుడు గదికి వద్దాం. ఆద్రియాన్ బ్రౌవర్ 1605 ప్రాంతంలో పుట్టాడు, 1638లో ఆంట్‌వెర్ప్‌లో చనిపోయాడు. ముప్పై మూడేళ్లు కూడా నిండలేదు. 1620ల్లో ఆమ్‌స్టర్‌డామ్‌లో, హార్లెమ్‌లో ఉన్నాడు, 1631-32లో ఆంట్‌వెర్ప్ చిత్రకారుల సంఘంలో చేరాడు. అతనివని నమ్మదగ్గవి అరవై పైచిలుకు బొమ్మలు, అన్నీ చిన్నవే. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్న "పొగ తాగేవాళ్లు" 46.4 × 36.8 సెంటీమీటర్లు. ఒళ్లో పెట్టుకుని చూసే సైజు. అందులో మధ్యన కూజా పట్టుకుని మన వైపు తిరిగి నోరు తెరిచిన మనిషి బ్రౌవరే. పక్కనున్నవాళ్లూ తోటి చిత్రకారులే. గమనించారా? బైతుల బొమ్మ అనుకున్నది తీరా చూస్తే చిత్రకారులు తమ మీద తాము వేసుకున్న పగటివేషం. ఒకడు ముక్కులోంచి పొగ వదులుతున్నాడు, ఇంకొకడు గుండెల నిండా పీల్చి కళ్లు పైకెత్తాడు. బ్రౌవర్‌కు కావలసింది రైతు కాదు, ముఖం. ఫ్రాంక్‌ఫర్ట్‌లోని "చేదు మందు" బొమ్మ చూడండి: మందు మింగి మొహం అష్టవంకర్లు పోయిన ఒకే ఒక్క మనిషి. కథ లేదు, ఆ వికారమే విషయం.

ఇవి అలగా జనం బొమ్మలనీ, కొన్నవాళ్లూ అలగా జనమేననీ అనుకునేవాళ్లకు రెండు లెక్కలు చెప్పాలి. ఆంట్‌వెర్ప్ మహా చిత్రకారుడు రూబెన్స్ పోయాక 1640లో రాసిన జాబితాలో బ్రౌవర్ బొమ్మలు 17. 1656లో రెంబ్రాంట్ దివాలా తీసినప్పుడు అతని ఇంటి సామాను జాబితా రాస్తే, మొట్టమొదటి వరుసల్లోనే బ్రౌవర్ గీసిన మిఠాయి దుకాణదారు, ఆ వెంటనే జూదగాళ్లు. ఐరోపాలో బొమ్మను వాళ్లకు మించి ఎరిగిన కళ్లు లేవు, అలాంటివాళ్లే వీటిని కొని దాచుకున్నారు.

హార్లెమ్‌లో ఆద్రియాన్ వాన్ ఓస్టాడె (1610-1685) కథ వేరే దారి. ఇతను నిలకడగా పనిచేసిన మనిషి. ఎనిమిది వందల దాకా నూనెరంగు బొమ్మలు, యాభై దాకా రాగిరేకు చెక్కుళ్లు (రేకు మీద గీతలు చెక్కి కాగితం మీద అచ్చు తీసిన బొమ్మలు) అతనివని లెక్క. తమ్ముడు ఇసాక్ 1649లో 28 ఏళ్లకే పోయాడు. ఆద్రియాన్ 1630ల బొమ్మలు తీసుకుంటే చీకటి కొట్టాలు, బంకమట్టి ముద్దల్లాంటి మొహాలు, కొట్లాటలు, కత్తులు. అదే మనిషి 1650ల తర్వాత గీసినవి చూస్తే కిటికీలోంచి మెత్తని వెలుగు, ఊడ్చిన నేల, పిల్లాడికి తినిపిస్తున్న తల్లి. 1653 నాటి చెక్కుడు ఒకదాంట్లో పేద కుటుంబం గిన్నె ముందు కూర్చుని భోజనానికి ముందు ప్రార్థన చేస్తోంది. ఇరవై ఏళ్లలో హాలెండ్ రైతు మారిపోయాడా? లేదు. కొనేవాళ్ల రుచి మారింది, ఓస్టాడె హోదా కూడా మారింది. 1657లో ఆమ్‌స్టర్‌డామ్ సంపన్న కేథలిక్ కుటుంబంలో రెండో పెళ్లి చేసుకున్నాడు, 1662లో హార్లెమ్ చిత్రకారుల సంఘానికి పెద్ద అయ్యాడు. అందుకే ఒక్క ఓస్టాడె బొమ్మ చూసి "అప్పటి రైతులు ఇలా ఉండేవారు" అంటే అది తొందరపాటు. ఏ దశాబ్దపు బొమ్మ అని ముందు అడగాలి.

చిత్రకారుడు యాన్ స్టేన్ (1626-1679) గురించి అందరికీ తెలిసిన మాట ఒకటుంది. డచ్చిలో ఇప్పటికీ చిందరవందరగా ఉన్న ఇంటిని "యాన్ స్టేన్ కాపురం" అంటారు. 1654 నుంచి మూడేళ్లు డెల్ఫ్ట్‌లో "పాము" అన్న పేరున్న బీరు బట్టీ నడిపాడు, తండ్రి కౌలుకు తీసి ఇచ్చాడు. 1672లో లైడెన్‌లో పూటకూళ్ల ఇల్లు పెట్టుకోవడానికి అనుమతి తీసుకున్నాడు. ఆ 1672 మామూలు ఏడాది కాదు. ఫ్రెంచి సైన్యం దేశం మీద పడింది, బొమ్మల బేరాలు కుప్పకూలాయి. తాగుడు మీద మోజుతో కొట్టు పెట్టాడనడం కన్నా పొట్టకూటికి పెట్టాడనడం న్యాయం. బొమ్మల్లో తాగుబోతులున్నారు కాబట్టి గీసినవాడూ తాగుబోతే అన్న కథలు 1718 తర్వాత అచ్చయిన చిత్రకారుల జీవిత చరిత్రల్లోంచి పాకాయి. స్టేన్ బొమ్మలు మూడు వందలకు పైగా మిగిలాయి. పొద్దస్తమానం తాగి పడుండేవాడు ఆ పట్టు మడతలు, ఆ నిమ్మతొక్క మెలికలు గీయలేడు.

స్టేన్ బొమ్మ చదవడం తేలిక, ఎందుకంటే నీతిని తనే రాసి పెడతాడు. హేగ్‌లోని మౌరిత్స్‌హౌస్‌లో ఉన్న పెద్ద బొమ్మలో ముసలావిడ చేతి కాగితం మీద సామెత ఉంది: పెద్దలు ఎలా పాడితే పిల్లలు అలా ఊదుతారని. అదే బొమ్మలో తండ్రి, అంటే స్టేనే, నవ్వుతూ పసివాడి నోటికి పైపు అందిస్తున్నాడు. డచ్చిలో ఊదడానికీ పైపు పీల్చడానికీ ఒకటే మాట, హాస్యమంతా ఆ శ్లేషలో ఉంది. మన ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా అన్న సామెతను పట్టు బట్టలు కట్టించి కూర్చోబెడితే ఈ బొమ్మ. వియన్నాలోని 1663 నాటి బొమ్మలో ఇల్లాలు కునుకు తీస్తోంది, కుక్క బల్ల మీది తిండి కాజేస్తోంది, పంది లోపలికొచ్చింది. పైకి చూస్తే చూరుకు వేలాడే బుట్టలో ఊతకర్ర, కుష్ఠురోగులు మోగించే గిలక ఉన్నాయి. సుఖం మత్తులో పడితే రేపు పట్టుకోవాల్సింది వాటినే అని. కింద మూలన పలక మీద "సిరిలో జాగ్రత్త" అని సగం సామెత. మిగతా సగం చూసేవాళ్లు పూరించుకోవాలి.

దక్షిణాన చిన్న డేవిడ్ టెనియర్స్ (1610-1690) ఈ సరుకును రాజాస్థానాలకు ఎగుమతి చేసినవాడు. 1651లో బ్రసెల్స్‌లో, స్పెయిన్ తరఫున ఏలుతున్న ఆర్చ్‌డ్యూక్ లియోపోల్డ్ విల్హెల్మ్ ఆస్థాన చిత్రకారుడు. అతన్ని గుర్తుపట్టడం కష్టం కాదు. ముందు గుంపు ముగ్గురు నలుగురు పీపా చుట్టూ. వెనక పొయ్యి దగ్గర చిన్న గుంపు, వీళ్లకు వీపులే ఉంటాయి. ఒకడు గోడకు తిరిగి ఒంటేలు పోస్తుంటాడు. పైన చిన్న కిటికీలోంచి ఒక ముసలి మొహం తొంగి చూస్తుంటుంది. కింద మూలన పీట మీద తెల్లబట్ట, పక్కన మట్టి కుండ. పదింటిలో ఎనిమిది ఇలాగే ఉంటాయి. చక్కగా గీశాడు, రంగు వెండిలా చల్లగా ఉంటుంది, కానీ రెండు గంటలు వరసగా చూస్తే విసుగొస్తుంది.

ఇప్పుడు వస్తువుల దగ్గరకు. ఇక్కడ మెల్లగా నడవాలి, అసలు సంపద ఇక్కడే ఉంది.

పైపుతో మొదలుపెట్టండి. తెల్ల సుద్దమట్టితో చేసి కాల్చిన పొడుగు కాడ పైపు. దీన్ని హాలెండుకు తెచ్చింది ఇంగ్లీషు సైనికులు, తర్వాత ఖౌడా పట్నం, మనం జున్ను పేరుగా ఎరిగిన ఆ ఊరే, వీటి తయారీకి పేరుపడింది. శతాబ్దం మొదట్లో పొగాకు ఖరీదు, అందుకే పైపు గిన్నె గోరంత, నడుమ ఉబ్బి రెండు వైపులా సన్నబడి ఉంటుంది. పొగాకు చవకైన కొద్దీ గిన్నె పెరిగింది. 1615 ప్రాంతం నుంచి ఆమెర్స్‌ఫోర్ట్ చుట్టుపక్కల నాటు పొగాకు కూడా పండించారు. ఆమ్‌స్టర్‌డామ్ లాంటి ఊళ్లలో పాత పాయఖానా గుంటలు తవ్వితే ఇవే పైపుల ముక్కలు దొరుకుతాయి, బొమ్మల్లోవాటితో సరిపోతాయి. కాబట్టి 1630 నాటిదని చెప్పే బొమ్మలో పెద్ద గరాటు ఆకారపు గిన్నె కనిపిస్తే అనుమానించండి: అది తర్వాతివాడు కల్పించినది కావచ్చు, లేదా మరమ్మతులో తిరగరాసినది కావచ్చు. నేల మీద విరిగిన కాడ ముక్కలు ఎందుకుంటాయంటే అవి నిజంగానే అంత తేలిగ్గా విరుగుతాయి. ప్రతి విరిగిన పైపునూ "జీవితం క్షణభంగురం" అని చదవనక్కర్లేదు.

పైపు అంటించుకోవడానికి బల్ల మీద చిన్న మట్టి మూకుడు, దానిలో నిప్పు కణికలు. అదే మూకుడు రంధ్రాల చెక్కపెట్టెలో పెడితే ఆడవాళ్ల కాళ్లు కాచుకునే "స్టోఫ్". కణికలు కట్టెవి కావు, ఎక్కువగా "తుర్ఫ్", అంటే చిత్తడి నేలల నుంచి కోసి ఎండబెట్టిన మట్టిబొగ్గు. అది మెల్లగా కాలుతుంది, పొగ ఎక్కువ. బొమ్మల్లో గది గోడలన్నీ గోధుమ రంగులో ఉండడానికి సగం కారణం చిత్రకారుడి అభిరుచి, సగం ఈ పొగ.

కూజా చూడండి. బూడిద రంగుదో, గోధుమ మచ్చలదో, ఉప్పు పూత మెరుపుతో ఉంటే అది జర్మనీ రైన్ లోయ నుంచి వచ్చిన రాతిమట్టి కూజా. అలాంటి మట్టి హాలెండులో లేదు. మెడ మీద గడ్డం మొహం అచ్చు ఉంటే ఫ్రెహెన్ రకం. మూత తగరపుది. ఎర్రమట్టి కుండ, లోపల మాత్రమే పూత, మూడు కాళ్లు ఉంటే అది స్థానికం, వంటది. గాజు గ్లాసు కనబడితే ఇంకో మెట్టు పైకెక్కండి. పొడుగ్గా నిటారుగా ఉండి చుట్టూ సమాన దూరంలో గీతలుంటే "పాస్‌గ్లాస్". ఒక్కో మనిషి సరిగ్గా తన గీత దాకా తాగి పక్కవాడికివ్వాలి, తప్పితే తర్వాతి గీతా అతనిదే. కాడకు పండు గింజల్లాంటి బొడిపెలుంటే "రూమెర్", అది వైన్‌ది. జిడ్డు చేతుల్లో జారకుండా ఆ బొడిపెలు. గడ్డి పరిచిన నేల గల గుడిసెలో రూమెర్ కనిపిస్తే ఏదో తేడా ఉంది: అక్కడ పట్నం మనిషి ఎవరో ఉన్నాడు, లేకపోతే చిత్రకారుడు తన సామాను చూపించుకుంటున్నాడు.

మూడు కాళ్ల పీటకు కారణం పేదరికం మాత్రమే కాదు. మట్టినేల ఎగుడుదిగుడుగా ఉంటుంది, నాలుగు కాళ్లు ఊగుతాయి, మూడు ఊగవు. సగానికి కోసిన పీపాను కుర్చీ చేసుకోవడం కూడా నిజమైన అలవాటే. తాగుడు ఇంట్లో పీపాలకు కొదవా? స్తంభం మీద, తలుపు మీద తెల్లని సుద్దగీతలు కనిపిస్తే అవి బాకీ లెక్కలు. ఆ కాలపు డచ్ నానుడి "జంట సుద్దతో రాయడం" అంటే ఒకటి తాగితే రెండు రాసుకోవడం. మన కిరాణా ఖాతా పుస్తకం తెలిసినవాళ్లకు విడమరచి చెప్పనక్కర్లేదు. గోడకు అంటించిన నలిగిన కాగితం చాలాసార్లు చవక అచ్చు బొమ్మ. దాని మీద గుడ్లగూబ ఉంటే సామెత: చూడటానికి ఇష్టపడని గుడ్లగూబకు కొవ్వొత్తి ఎందుకు, కళ్లద్దాలెందుకు అని. డచ్చివాళ్లకు గుడ్లగూబ తెలివికి కాదు, మూర్ఖత్వానికి గుర్తు. ఇంగ్లీషు అలవాటులో "జ్ఞానానికి చిహ్నం" అని రాసేసిన వివరణలు కనిపిస్తుంటాయి, పట్టించుకోకండి.

బట్టలు మాత్రం సగమే నమ్మాలి. అందులో స్టూడియో సామాను ఉంది, పాత బొమ్మల నుంచి తెచ్చుకున్న టోపీలున్నాయి. ఎర్ర టోపీ, నీలి ఏప్రన్ మళ్లీ మళ్లీ ఎందుకొస్తాయంటే గోధుమ రంగు గదిలో చూపు ఆగడానికి ఒక ఎరుపు, ఒక నీలం కావాలి కాబట్టి. ఇంకో మాట, పక్కదారి అనుకోండి. డచ్ ఈస్టిండియా కంపెనీ 1602లో పుట్టింది, నాలుగేళ్లు తిరక్కుండానే మచిలీపట్నంలో దుకాణం పెట్టింది. కోరమండల్ తీరపు అద్దకం బట్ట ఓడల నిండా ఆమ్‌స్టర్‌డామ్ చేరింది. ఈ కల్లుపాకల్లో దాని జాడ కోసం వెతకడం మాత్రం వృథా. ఆ బట్ట వెళ్లింది పట్నపు ఇళ్లకు.

మరి నిజమైన హాలెండ్ రైతు ఎవరు? ఆ కాలంలో సముద్రతీర హాలెండ్, ఫ్రీస్‌లాండ్ రైతులు ఐరోపాలో అందరికన్నా కాస్త స్థితిమంతులే. పాలు, వెన్న, జున్ను పట్నాలకు అమ్మి, ధాన్యం బాల్టిక్ నుంచి కొనుక్కున్నారు. వాళ్ల ఆస్తి జాబితాల్లో మంచాలు, గడియారాలు, వెండి సామాను కనిపిస్తాయి. 1641 ఆగస్టులో రోటర్‌డామ్ జాతర చూసిన ఇంగ్లీషు ప్రయాణికుడు జాన్ ఎవెలిన్, రైతులు కూడా బొమ్మలు కొని ఇళ్ల నిండా పెట్టుకుంటున్నారని డైరీలో ఆశ్చర్యపోయాడు. రైతులు బొమ్మల మీద ఇన్ని పౌన్లు పెడతారని అతను చెప్పిన లెక్క అతిశయమే గానీ, సంతలో బొమ్మలు రాశులుగా అమ్మడం నిజం. ఆ సంతలోని "డ్రోలరీలు", అంటే ఈ మోటు హాస్యపు బొమ్మలు, అతని కంట పడ్డాయి. కాబట్టి చింపిరి బట్టల బ్రౌవర్ రైతును హాలెండ్ సగటు రైతు అనుకుంటే లెక్క తప్పుతుంది. కూలీలు, కరువు, యుద్ధం ఉన్నాయి, కాదనను. కానీ ఆ పేదరికాన్ని గీయడం ఈ చిత్రకారుల ఉద్దేశం కాదు.

నీతి ఉందా లేదా అన్న వాదన ముగియలేదు. 1976లో ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్‌మ్యూజియంలో జరిగిన పెద్ద ప్రదర్శన, ఈ బొమ్మల వెనక సామెతలు, నీతి పద్యాల పుస్తకాల్లోని గుర్తులు ఉన్నాయని నిలబెట్టింది. ఆ తర్వాత కొన్నేళ్లు ప్రతి గుడ్డు పెంకూ, ప్రతి ఖాళీ పంజరమూ పాపానికి గుర్తయిపోయాయి. దానికి ఎదురుదెబ్బగా, డచ్చివాళ్లకు చూడటమే ఆనందం, అర్థం వెతకొద్దు అన్న వాదనా వచ్చింది. నా తీర్పు ఇది: చిత్రకారుడే రాత పెడితే నీతి ఖాయం. బొమ్మను అచ్చు వేసినవాడు కింద పద్యం జోడిస్తే అది ఆ అచ్చు వర్తకుడి నీతి, చిత్రకారుడిది కాకపోవచ్చు. ఏ రాతా లేకపోతే, ఒకే అర్థాన్ని చూపే గుర్తులు కనీసం రెండు మూడు ఒకే చోట చేరితే తప్ప ముందుకు పోకండి. ఒంటరి నత్తగుల్ల పెంకు అంటే ఎవరో నత్తగుల్ల తిన్నారనే.

ఇంకో చిక్కు ఉంది, దీన్ని చాలామంది మర్చిపోతారు: మనం చూస్తున్నది చిత్రకారుడు వదిలిన బొమ్మేనా? తర్వాతి కాలపు మర్యాదస్తులు చాలా చెరిపేశారు. బ్రిటన్ రాజకుటుంబం దగ్గరున్న ఇసాక్ వాన్ ఓస్టాడె 1643 నాటి గ్రామ సంత బొమ్మలో, ముందు భాగంలో ఒక పొద ఉండేది. 2015లో ప్రదర్శనకు శుభ్రం చేస్తుంటే ఆ పొద కింద బహిర్దేశానికి కూర్చున్న మనిషి బయటపడ్డాడు. 1903లో మరమ్మతు చేసినవాళ్లు సిగ్గుపడి అతని మీద ఆకులు వేశారు. హార్లెమ్ చిత్రకారిణి యూడిత్ లైస్టర్ గీసిన ఇద్దరు తాగుబోతుల బొమ్మ, ఇప్పుడు ఫిలడెల్ఫియాలో ఉన్నది, ఇంకా పెద్ద ఉదాహరణ. చాలాకాలం అది ఉల్లాసపు రాత్రి బొమ్మగానే చలామణీ అయింది. పై పూత తీస్తే తాగుబోతుల మధ్యన ఇసుక గడియారం పట్టుకున్న అస్థిపంజరం. అర్థం మొత్తం తిరగబడింది. కాబట్టి పొద, పీపా, గోడ ముక్క చుట్టూ ఉన్న రంగుకన్నా కాస్త మొద్దుగా, పగుళ్లు లేకుండా కనిపిస్తే అక్కడ ఏదో దాచారేమోనని చూడండి.

కొనాలనో, నకలు గీయాలనో ఆలోచించేవాళ్లకు పనికొచ్చేది ఇక చెప్తాను. బ్రౌవర్, ఓస్టాడె ఎక్కువగా ఓక్ పలక మీద గీశారు. పలక వెనక నాలుగు అంచులూ చెక్కి పల్చన చేసి ఉండాలి, చట్రం గాడిలో కూర్చోవడానికి. రంపపు గీతలు గుండ్రంగా, సమానంగా ఉంటే అది యంత్రపు రంపం, అంటే తర్వాతి చెక్క. ఆంట్‌వెర్ప్ పలక అయితే కొన్నిటి వెనక కోట, రెండు చేతుల ముద్ర కాల్చి ఉంటుంది. చెట్టు వలయాలు లెక్కపెట్టి తేదీ చెప్పే పరీక్ష, బొమ్మ ఏ ఏడాదికి ముందు గీసి ఉండదో చెబుతుంది, ఏ ఏడాదిలో గీశారో చెప్పదు. పాత బీరువా పలక మీద నిన్న గీసినా ఆ పరీక్ష నెగ్గుతుంది. సంతకం విషయం: ఓస్టాడె "ఏ", "వి" అక్షరాలు కలిపి రాస్తాడు, స్టేన్ "జె", "ఎస్" పెనవేస్తాడు, బ్రౌవర్ చాలాసార్లు అసలు సంతకమే పెట్టడు. అందుకే బ్రౌవర్ పేరుతో పెద్ద సంతకం ఉన్న బొమ్మ కనిపిస్తే సంతోషించకండి, భయపడండి. ఓస్టాడె చెక్కుళ్లకు వేరే బాధ. రాగిరేకులు ఆయన పోయాక చాలాకాలం చేతులు మారుతూ అచ్చవుతూనే ఉన్నాయి. నీడల్లోని దగ్గర దగ్గర గీతలు విడివిడిగా కనిపించకుండా బూడిద మచ్చగా కలిసిపోయినా, లేదా మళ్లీ తోడి గరుకుగా నల్లబడ్డా అది అరిగిన రేకు తాలూకు ప్రతి. ధరలో తేడా అక్కడే.

గీసే పద్ధతి తేలిగ్గా కనిపిస్తుంది, అక్కడే బోల్తా కొట్టిస్తుంది. పలకకు లీటరు నీటికి సుమారు 70 గ్రాముల జంతు జిగురు కలిపిన ద్రావణం పూసి, అదే జిగురులో సుద్ద కలిపి పల్చగా రెండు మూడు పూతలు వేసి నునుపు చేయండి. దాని మీద గోధుమ రంగు పల్చటి పొర, కింది సుద్ద పూత అక్కడక్కడా కనిపించేలా. బొమ్మను ఆ గోధుమ రంగుతోనే కుంచెతో గీయాలి. ఇక ముఖ్యమైన నియమం: నీడలు నీళ్లలా పల్చగా, వెలుగులు వెన్నలా మందంగా. మూలలు, చూరు, వెనక గోడ దాదాపు ఒకే పూతలో అయిపోవాలి, చెక్క గీతలు లోంచి కనిపించినా ఫరవాలేదు, బ్రౌవర్ బొమ్మల్లో కనిపిస్తాయి. తెల్ల మెడపట్టీ, కూజా మెరుపు, పైపు కాడ చివర్న ఒక్క దెబ్బలో. కొత్తవాళ్లు నీడను నల్ల రంగుతో మందంగా నింపుతారు. అది ఆరాక తారు రోడ్డులా చచ్చిపోతుంది, గదిలో గాలి ఉండదు. రెండో తప్పు, అసలు బొమ్మల ఇప్పటి రంగునే నకలు చేయడం. పాత వార్నిష్ పసుపెక్కింది, "స్మాల్ట్" అనే గాజు నీలం బూడిదైంది, పల్చటి గోధుమ పొరలు ఇంకా పారదర్శకమై చీకటి పెరిగింది. ఇప్పుడు బూడిదగా కనిపించే ఏప్రన్ ఒకప్పుడు నీలమై ఉండొచ్చు. వీలైతే ఈమధ్యే శుభ్రం చేసిన బొమ్మనే నమూనాగా పెట్టుకోండి.

మ్యూజియంలో చూసేటప్పుడు మొదట మనుషుల జోలికి పోకుండా నేల నుంచి మొదలుపెట్టండి. నేల మట్టిదా, రాతి పలకలదా? మట్టిదైతే గుడిసె, పలకలైతే కాస్త కలిగిన ఇల్లు లేదా పూటకూళ్ల ఇల్లు. తర్వాత కిటికీ ఎటువైపు ఉందో, వెలుగు నిజంగా అక్కడి నుంచే వస్తోందో చూడండి. ఓస్టాడె దగ్గర వస్తుంది, నకళ్లలో చాలాసార్లు రాదు. పీట, పీపా, కూజా, పైపు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకోండి. అవన్నీ అయ్యాక మొహాలకు రండి. మన వైపు సూటిగా చూసి నవ్వేవాడు ఎవరైనా ఉన్నాడా? ఉంటే అతను రైతు కాకపోవచ్చు. కుంచె చేతిలో పట్టుకుని వచ్చి, టోపీ మార్చుకుని ఆ బల్ల దగ్గర కూర్చున్నవాడై ఉండొచ్చు.